ఫ్యామిలీ సెడాన్‌లో పెద్ద ఇంజిన్ ఎక్కిస్తే ముందు చక్రాలు తట్టుకుంటాయా?

#1 | ఖమ్మం ఎస్టీమ్

అందరికీ నమస్తే. నాన్న 2003లో కొన్న మారుతి ఎస్టీమ్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. 1.3 లీటర్ల ఇంజిన్, 85 హెచ్‌పీ. బాడీకి ఎక్కడా తుప్పు లేదు, డోర్లు ఇప్పటికీ ఒక్క తోపుకే పడతాయి. ఇంజిన్ మాత్రం అలసిపోయింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. కొత్తగూడెం దారిలో లారీని దాటాలంటే ఏసీ ఆపాల్సి వస్తోంది.

హైదరాబాద్‌లో వెనక భాగం నుజ్జయిన ఒక పాత హోండా అకార్డ్ వి6 అమ్మకానికి ఉంది. 3.0 లీటర్ల ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్ అన్నీ కలిపి ఇస్తామంటున్నారు. ఎస్టీమ్, అకార్డ్ రెండూ ముందు చక్రాలతో నడిచేవే. రెండింట్లోనూ ఇంజిన్ అడ్డంగానే ఉంటుంది. అయితే ఇది పడుతుందా? పట్టినా ముందు చక్రాలు తట్టుకుంటాయా? ఇద్దరు ఫ్రెండ్స్‌ని అడిగితే రెండు రకాలుగా చెప్పారు. డబ్బు పెట్టేముందు తెలిసినవాళ్ల మాట వినాలనుకుంటున్నాను.

#2 | ఆటోనగర్ లేత్ (విజయవాడ)

తమ్ముడూ, ఇంజిన్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు టేపు తీసుకుని బానెట్ కింద మూడు కొలతలు తీయి. సస్పెన్షన్ టవర్ల మధ్య ఎంతుంది, ఛాసిస్ పట్టాల మధ్య ఎంతుంది, రేడియేటర్ నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) దాకా ఎంతుంది. వి6లో మూడేసి సిలిండర్లు రెండు వరసలు కాబట్టి పొడవు తక్కువే. టవర్ల మధ్య పెట్టి చూస్తే పట్టేస్తున్నట్టే కనిపిస్తుంది. ఇబ్బంది మందం దగ్గర వస్తుంది. వెనక వరస హెడ్ ఫైర్‌వాల్‌కి తగులుతుంది, ముందు వరస ఎగ్జాస్ట్ రేడియేటర్ ఫ్యాన్ మీదికి వస్తుంది. అప్పుడు ఫైర్‌వాల్ కోయాలి. ఫైర్‌వాల్ కోశావంటే బ్రేక్ బూస్టర్, స్టీరింగ్ ర్యాక్, హీటర్ పైపులు అన్నీ జరపాలి. ఎస్టీమ్ మొత్తం బరువే 900 కిలోల లోపు. ఆ ముందు స్ప్రింగులు, లోయర్ ఆర్ములు, బ్రేకులు ఆ బరువు చూసి చేసినవి.

ఎస్టీమ్‌లో మేం ఒకసారి బలెనో 1.6 ఇంజిన్ పెట్టాం. పాత బలెనో సెడాన్‌ది, 94 హెచ్‌పీ. రోడ్డు మీద తిరగడానికి కాదు, ట్రాక్ కోసం. రెండూ సుజుకీ జి సిరీస్ ఇంజిన్లే, అందుకే ధైర్యం చేశాం. అయినా చేతినిండా పని పడింది. ఎస్టీమ్ ఇంజిన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 75.5 మిల్లీమీటర్లు, బలెనోది 90. అంటే బ్లాకు ఎత్తు ఎక్కువ. బానెట్‌కి తగలకుండా మౌంటింగ్ బ్రాకెట్లు కొత్తగా చేసి కిందికి దించాం. దించేసరికి యాక్సిల్ షాఫ్టుల కోణం మారింది. ఆ ఒక్క సీజన్‌లో రెండు సీవీ జాయింట్లు (షాఫ్ట్ వంగినా చక్రాన్ని తిప్పే కీళ్లు) పోయాయి. 9 హెచ్‌పీ పెరిగిందానికే అంత. నువ్వేమో రెండింతలు దాటించాలంటున్నావు.

#3 | మిషిగన్ తెలుగు

ఈ ప్రశ్న చూడగానే లాగిన్ అయ్యాను, ఎందుకంటే నేను రోజూ నడిపేది సరిగ్గా ఇలాంటి కారే. పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీఎక్స్‌పీ. నాలుగు డోర్ల మామూలు ఫ్యామిలీ సెడాన్, ముందు చక్రాల డ్రైవ్. లోపల మాత్రం 5.3 లీటర్ల వి8, 303 హెచ్‌పీ, టార్క్ (తిప్పే బలం) 438 ఎన్‌ఎం. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది.

జనరల్ మోటార్స్ వాళ్ల దగ్గర ఆ వి8 అప్పటికే ట్రక్కుల్లో, స్పోర్ట్స్ కార్లలో నిలువుగా ఉండేది. దాన్ని సెడాన్‌లో అడ్డంగా పెట్టాలంటే పక్కన గేర్‌బాక్స్‌కి కూడా చోటు కావాలి. అందుకని ఇంజిన్ పొడవే తగ్గించారు. క్రాంక్ షాఫ్ట్‌ని మొత్తం 13 మిల్లీమీటర్లు పొట్టిగా చేశారు. ఫ్లైవీల్ వైపు 3, బెల్టుల వైపు 10. స్టార్టర్ మోటారు ఇంజిన్ పక్క నుంచి గేర్‌బాక్స్ మీదికి వెళ్లింది. వాటర్ పంప్ జరిగింది. ఆల్టర్నేటర్, ఏసీ, పవర్ స్టీరింగ్ అన్నిటికీ కలిపి ఒకే బెల్టు. దానికి ఎల్‌ఎస్4 అని పేరు పెట్టారు. ఇదే ఇంజిన్ 2006 నుంచి షెవ్రొలే ఇంపాలా ఎస్ఎస్‌లో, తర్వాత బ్యూక్ లక్రాస్ సూపర్‌లో కూడా వచ్చింది.

13 మిల్లీమీటర్లంటే మన చిటికెన వేలు మందం. అంతటి కంపెనీ ఆ కాస్త చోటు కోసం క్రాంక్ మార్చింది. ఆటోనగర్ అన్న టేపు తీసుకో అన్నది అందుకే.

#4 | నెల్లూరు రియర్‌వీల్

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 300 హెచ్‌పీని ముందు చక్రాలకి ఇవ్వడం మొదటి నుంచీ తప్పు దారి. ఆ చక్రాలే బండిని తిప్పాలి, అవే లాగాలి, బ్రేకు బరువు కూడా ఎక్కువ అవే మోయాలి. వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, అంటే సరిగ్గా అవసరమైన క్షణంలో పట్టు తగ్గుతుంది. పెద్ద ఇంజిన్ కావాలంటే వెనక చక్రాల కారు కొనుక్కోవాలి.

#5 | మెకానికల్ మాస్టారు (కాకినాడ)

నెల్లూరు గారు చెప్పినది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం. మిషిగన్ గారి కారు బరువు 1,650 కిలోలు అనుకుందాం. అందులో 62 శాతం ముందు చక్రాల మీద, అంటే 1,023 కిలోలు. చక్రాల మధ్య దూరం 2.8 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు అనుకుందాం. పొడి రోడ్డు మీద టైరు పట్టు 0.9.

కారు 0.47 జి త్వరణంతో (జి అంటే గురుత్వ త్వరణం) ముందుకు దూకితే వెనక్కి జరిగే బరువు 1,650 × 0.47 × 0.55 ÷ 2.8, అంటే సుమారు 152 కిలోలు. ముందు మిగిలేది 871. దానికి టైరు ఇవ్వగల పట్టు 784 కిలోల బలం. కారుని అంత త్వరణంతో నెట్టడానికి కావలసింది 775. అంటే ఈ కారుకి పొడి రోడ్డు మీద హద్దు దాదాపు అదే.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూడండి. 438 ఎన్‌ఎం టార్క్. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపి 8.5 రెట్లు అనుకుంటే చక్రం దగ్గర 3,723 ఎన్‌ఎం. టైరు వ్యాసార్థం 0.33 మీటర్లు. మధ్యలో పోయే నష్టం 15 శాతం తీసేస్తే రోడ్డు మీద దాదాపు 980 కిలోల బలం. టైరు పట్టగలిగేది 784. మిగతా 200 కిలోల బలం పొగగా మారి టైరుని అరగదీస్తుంది. వాన పడి పట్టు 0.5కి తగ్గితే హద్దు 0.28 జి, అంటే 466 కిలోల బలం. అప్పుడు ఇంజిన్ ఇచ్చేదాంట్లో సగానికి పైగా వృథా.

అయితే ఇది మొదటి గేరు కథ. రెండో గేరు పడ్డాక ఆ 980 కాస్తా దాదాపు సగానికి పడిపోతుంది, టైరు హాయిగా మోస్తుంది. హైవే మీద 80 నుంచి 120కి వెళ్లేటప్పుడు ముందు చక్రాలా వెనక చక్రాలా అన్న తేడా పెద్దగా తెలియదు. అందుకే ఇలాంటి కార్లు సిగ్నల్ దగ్గర ఇబ్బంది పెడతాయి, ఓవర్‌టేక్ దగ్గర సంతోషపెడతాయి.

#6 | మిషిగన్ తెలుగు

మాస్టారూ, మీ లెక్క నా రోజువారీ అనుభవానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఒక సంగతి కలుపుతాను. ఈ కారుకి ఫ్యాక్టరీ నుంచే ముందు టైర్లు వెనక వాటికంటే వెడల్పు. ముందు 255 మిల్లీమీటర్లు, వెనక 225. రిమ్ములు కూడా ముందు 8 అంగుళాలు, వెనక 7. లోకంలో పెద్ద ఇంజిన్ కార్లకి వెడల్పు టైర్లు వెనక ఉంటాయి, దీనికి తిరగబడి ఉంటాయి. కారణం మీరు చెప్పిన ఆ 784 కిలోలే.

రెండేళ్ల క్రితం చలికాలం టైర్లు తీయించి మామూలువి వేయించడానికి ఒక షాపుకి ఇచ్చాను. అక్కడి కుర్రాడు అలవాటు ప్రకారం వెడల్పువి వెనక బిగించాడు. నేను చూసుకోలేదు. నాలుగు రోజులకి వానలో హైవే ఎక్కే ర్యాంప్ మీద మామూలుగా నొక్కే అంతే యాక్సిలరేటర్ నొక్కాను. స్టీరింగ్ తిప్పిన వైపు పోకుండా కారు తిన్నగా బయటి అంచు వైపు జారింది. వెనక సీట్లో పిల్లలున్నారు. కాలు తీయగానే దారికొచ్చింది కానీ ఇంటికి వచ్చేదాకా చేతులు వణికాయి. టైరు సైడు మీద నంబరు చదివితే అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి చక్రాలు విప్పే ప్రతిసారీ ముందు, వెనక అని చాక్‌పీసుతో రాసి ఇస్తున్నాను.

నెల్లూరు గారూ, మీ వాదన మీద గౌరవం ఉంది. కానీ ఇక్కడ ఫిబ్రవరిలో మంచు పడినప్పుడు ఇంజిన్ బరువంతా డ్రైవ్ చక్రాల మీదే ఉండటం ఎంత మేలో ఒకసారి చూడాలి. లోపల నేల మధ్య గుబ్బ కూడా పెద్దగా ఉండదు. అమెరికా కంపెనీలు 1980ల్లో కుటుంబ కార్లని ముందు చక్రాలకి మార్చింది ఈ కారణాలకే. చమురు సంక్షోభాల తర్వాత కారు చిన్నది కావాలి, లోపల చోటు తగ్గకూడదు. డ్రైవ్ షాఫ్ట్ టన్నెల్ తీసేస్తే ఆ చోటు వస్తుంది.

#7 | గుంటూరు గేర్

మిషిగన్ అన్నా, ముందు చక్రాల వి8 ఇదే మొదటిదా? నేను ఎక్కడో 7 లీటర్ల ముందు చక్రాల కారు ఉండేదని చదివాను. నమ్మబుద్ధి కాలేదు.

#8 | మిషిగన్ తెలుగు

నమ్మాలి, ఎందుకంటే నేను ఒకదాన్ని పాత కార్ల ప్రదర్శనలో బానెట్ ఎత్తి చూశాను. 1966 ఓల్డ్‌స్మొబైల్ టోరొనాడో. 425 క్యూబిక్ అంగుళాలు, అంటే 7 లీటర్ల వి8, అప్పటి లెక్కలో 385 హెచ్‌పీ. 1930ల నాటి కార్డ్ అనే కంపెనీ కార్ల తర్వాత అమెరికాలో మళ్లీ ముందు చక్రాలతో వచ్చిన కారు అదే. అది రెండు డోర్ల కారు, ఫ్యామిలీ సెడాన్ కాదు. కానీ అందులోని తెలివి చూడాలి.

అంత ఇంజిన్ అడ్డంగా పట్టదు. అందుకని నిలువుగానే పెట్టారు. మామూలుగా గేర్‌బాక్స్ ఇంజిన్ వెనక ఉంటుంది కదా. అలా ఉంటే ముందు చక్రాలకి ఎలా అందించాలి? వాళ్లు గేర్‌బాక్స్‌ని విడదీశారు. టార్క్ కన్వర్టర్ ఇంజిన్ వెనకే ఉంది. మిగతా గేర్‌బాక్స్‌ని వెనక్కి మడిచినట్టు ఇంజిన్ పక్కన, ముందు వైపు చూసేలా పెట్టారు. రెండింటి మధ్య శక్తిని అందించేది వెడల్పాటి గొలుసు. మన సైకిల్ చైన్ లాంటిది కాదు, పళ్లు పళ్లుగా ఉండే, శబ్దం రాని గొలుసు. దాన్ని కార్లలో పెట్టేముందు విపరీతంగా పరీక్షించారట. తర్వాత 1967 క్యాడిలాక్ ఎల్డొరాడోలో కూడా అదే ఏర్పాటు. 1970లో ఎల్డొరాడో ఇంజిన్ 500 క్యూబిక్ అంగుళాలకి, అంటే 8.2 లీటర్లకి పెరిగింది. ముందు చక్రాల కార్లలో అంతకంటే పెద్ద ఇంజిన్ నాకు తెలిసి రాలేదు.

అదే ఏర్పాటుని 1973 నుంచి జీఎంసీ మోటార్‌హోమ్‌లో కూడా వాడారు. ఇల్లంత బండిని ముందు చక్రాలే లాగేవి. వెనక యాక్సిల్ షాఫ్ట్ లేదు కాబట్టి నేల బాగా కిందికి దిగింది, లోపల మనిషి నిలబడి నడవగలిగాడు.

#9 | గుంటూరు గేర్

మరి బ్రేకులు?

#10 | మిషిగన్ తెలుగు

మొదటి టోరొనాడోలో నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. రెండు టన్నుల కారుకి అవి చాలవని అప్పుడే విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది ముందు డిస్కులు ఆప్షన్‌గా ఇచ్చారు. ఖమ్మం తమ్ముడు ఇది గుర్తుంచుకోవాలి. ఇంజిన్ గురించి అంత ఆలోచించిన ఇంజినీర్లకి కూడా బ్రేకులు రెండో ఏడాదికి గానీ సరిపడలేదు.

వి8ని అడ్డంగా పెట్టిన కథ తర్వాతది. 1985లో క్యాడిలాక్ డెవిల్ ముందు చక్రాలకి మారినప్పుడు 4.1 లీటర్ల వి8 అడ్డంగా వచ్చింది. 1990ల్లో 4.6 లీటర్ల నార్త్‌స్టార్, సెవిల్ ఎస్‌టీఎస్‌లో 300 హెచ్‌పీ.

#11 | విశాఖ వి6

నేను మన దేశంలోనే అకార్డ్ వి6 3.0 నడిపాను, 2005 మోడల్. ఏడేళ్లు వాడాను. ముందు చక్రాల కారులో గట్టిగా నొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుందంటారు, అది నాకు పెద్దగా తెలియలేదు. అనకాపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే పూర్తిగా నొక్కేవాణ్ని, రెండు వేళ్లతో పట్టుకున్నా తిన్నగా వెళ్లేది. కాబట్టి పెద్ద ఇంజిన్ పెడితే ముందు చక్రాలు తట్టుకోవు అని గుండుగుత్తగా అనడం సరికాదు. ఖమ్మం తమ్ముడిని పూర్తిగా నిరుత్సాహపరచకండి.

#12 | మెకానికల్ మాస్టారు (కాకినాడ)

విశాఖ గారి మాట నిజమే, అందులోనే అసలు విషయం ఉంది. అడ్డంగా ఇంజిన్ పెట్టి, దాని చివర గేర్‌బాక్స్ తగిలిస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలాన్ని పంచే గేర్ల పెట్టె) కారు మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరుగుతుంది. ఇటలీలో డాంటే జకోసా 1964లో ఔటోబియాంకి ప్రిములాకి, 1969లో ఫియట్ 128కి ఇదే పద్ధతి పెట్టారు. ఈనాటి చిన్న కార్లు దాదాపు అన్నీ ఆ దారిలోవే. ఒక పక్క షాఫ్ట్ పొట్టి, ఇంకో పక్క పొడుగు. గట్టిగా నొక్కినప్పుడు కారు ముందు భాగం పైకి లేస్తుంది. పొట్టి షాఫ్ట్ ఎక్కువ కోణంలో వంగుతుంది, పొడుగుది తక్కువ. సీవీ జాయింట్ వంగిన కోణాన్ని బట్టి చక్రాన్ని స్టీరింగ్ దిశలో తిప్పే బలం పుడుతుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సమానంగా లేకపోతే మిగిలినది మన చేతికి తెలుస్తుంది. దాన్నే టార్క్ స్టీర్ అంటారు. పొడుగు షాఫ్ట్ కొంచెం మెలిక కూడా పడుతుంది, అందువల్ల మొదటి క్షణంలో తేడా ఇంకాస్త పెరుగుతుంది.

పెద్ద ఇంజిన్ కార్లలో దీనికి మందు ఏమిటంటే, పొడుగు పక్కన మధ్యలో పైకీ కిందికీ ఊగకుండా ఉన్నచోటే తిరిగే ఒక షాఫ్ట్ పెట్టి, దాన్ని బేరింగ్‌తో ఇంజిన్ బ్లాకుకి బిగిస్తారు. అక్కడి నుంచి చక్రం దాకా వెళ్లే షాఫ్టులు రెండు పక్కలా సమాన పొడవు. ఎస్టీమ్‌లో అది ఉండదు. 85 హెచ్‌పీకి అవసరం లేదు.

రెండో మందు చక్రం దగ్గర ఉంటుంది. చక్రం స్టీరింగ్ కోసం తిరిగే అక్షం, టైరు మధ్యగీత ఎంత దగ్గరగా ఉంటే ఇంజిన్ బలం స్టీరింగ్‌ని అంత తక్కువ కదిలిస్తుంది. మామూలు స్ట్రట్‌లో ఆ దూరం తగ్గించడం కష్టం. అందుకే 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్, 305 హెచ్‌పీని ముందు చక్రాలకే ఇచ్చినప్పుడు, స్ట్రట్ ఒకటి, చక్రంతో పాటు స్టీరింగ్‌కి తిరిగే నకిల్ వేరొకటి అయ్యేలా విడగొట్టారు. హోండా సివిక్ టైప్ ఆర్‌లో, జీఎం కొన్ని బ్యూక్, ఓపెల్ కార్లలో ఇదే ఆలోచనకి వేరే రూపాలు కనిపిస్తాయి. దానికి తోడు ఫోకస్ ఆర్‌ఎస్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఒక్కటే జారి తిరగకుండా ఆపేది) కూడా ఉంది.

#13 | నెల్లూరు రియర్‌వీల్

మాస్టారూ, ఇది బాగా అర్థమైంది. అంటే నేను తప్పు దారి అన్నది, చుట్టూ ఏమీ మార్చకుండా ఇంజిన్ ఒక్కటే మార్చే పనికి వర్తిస్తుంది. ఫ్యాక్టరీ మొత్తం మార్చి చేసినదానికి వర్తించదు. ఆ మేరకు నా మాట సరిదిద్దుకుంటున్నాను.

#14 | గుంటూరు గేర్

లాంచియా థీమా 8.32 గురించి ఎవరూ చెప్పలేదు! 1986లో వచ్చింది. ఫెరారీ వి8, 2,927 సీసీ, 215 హెచ్‌పీ, ముందు చక్రాల సెడాన్. ఎనిమిది సిలిండర్లు, 32 వాల్వులు, పేరు అక్కడి నుంచే వచ్చింది. వైపర్ కాడ చివర స్విచ్ తిప్పితే డిక్కీ మీద రెక్క లేచేది.

#15 | మెకానికల్ మాస్టారు (కాకినాడ)

మంచి ఉదాహరణ. ఫెరారీ తన కార్లలో వాడే చదును క్రాంక్‌ని (మలుపులన్నీ ఒకే తలంలో ఉండే క్రాంక్ షాఫ్ట్) ఆ సెడాన్‌లో వాడలేదు. మామూలు వి8లకి ఉండే 90 డిగ్రీల క్రాంక్ వేశారు, నడక మెత్తగా ఉండాలని. కుటుంబంతో వెళ్లే కారుకి ఏం కావాలో ఆలోచించి ఇంజిన్ స్వభావం మార్చారు.

ఇంజిన్‌నే సన్నగా చేసినవాళ్లూ ఉన్నారు. ఫోక్స్‌వ్యాగన్ 1991లో వీఆర్6 తెచ్చింది. రెండు వరసల మధ్య కోణం 15 డిగ్రీలే, అందుకే ఆరు సిలిండర్లకీ ఒకే హెడ్ సరిపోయింది. నాలుగు సిలిండర్ల కార్లకి చేసిన చోటులో అది అడ్డంగా కూర్చుంది. వోల్వో అయితే 1998 ఎస్80లో ఆరు సిలిండర్ల వరస ఇంజిన్‌నే అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ని పొట్టిగా చేయించింది. నాకు ఇంజినీరింగ్‌గా అన్నిటికంటే నచ్చినది వీఆర్6. చోటు లేదంటే చోటుని వెతకకుండా ఇంజిన్‌నే మళ్లీ ఆలోచించారు.

#16 | బార్ కౌన్సిల్ బానెట్ (హనుమకొండ)

ఇంతసేపు మెకానిక్ సంగతులు చదివి చాలా నేర్చుకున్నాను. నా వృత్తి వకాల్తా, అందుకని ఆ వైపు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ విషయంలో గట్టిగానే చెప్పింది. పాత ఇంజిన్ పాడైతే అదే రకం ఇంజిన్ వేసుకోవచ్చు, కానీ ముందుగా ఆర్‌టీఏ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించాలి. 1,298 సీసీ ఉన్న ఆర్‌సీ మీద 3 లీటర్ల వి6 అన్నది ఆ కోవలోకి రాదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

జరిమానా కంటే నన్ను భయపెట్టేది ఇన్సూరెన్స్. ఆర్‌సీలో ఒక ఇంజిన్, బండిలో ఇంకో ఇంజిన్ ఉండి, దేవుడు వద్దనుగాక, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం మీ కుటుంబం మీద పడే ప్రమాదం ఉంది. పైగా మీ కారు 2003ది. 15 ఏళ్లు దాటింది కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్. వచ్చే రెన్యువల్‌లో ఇంజిన్ నంబరు చూస్తారు.

#17 | ఖమ్మం ఎస్టీమ్

అందరికీ చాలా కృతజ్ఞతలు. హనుమకొండ అన్న రాసింది చదివాక అకార్డ్ ఇంజిన్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. నాన్నకి కూడా చూపించాను, ఆయన అద్దాలు పెట్టుకుని మాస్టారి లెక్క రెండుసార్లు చదివారు.

ఆటోనగర్ అన్నా, ఒక ప్రశ్న. మరి ఉన్న 1.3నే బాగుచేయిస్తే లారీని ఏసీ ఆపకుండా దాటగలనా? లేక బలెనో 1.6 ట్రాక్ కారులా ఏదైనా చేయొచ్చా?

#18 | ఆటోనగర్ లేత్ (విజయవాడ)

ట్రాక్ మాట వదిలేయ్ తమ్ముడూ, అది వేరే బండి, వేరే ఖర్చు. మద్రాసు దగ్గర ట్రాక్‌లో ఎస్టీమ్‌లు చాలా ఏళ్లు పరిగెత్తాయి, ఆ సరదా ఉంటే దానికోసం విడిగా ఒక పాత షెల్ కొనుక్కో. నాన్నగారి కారు జోలికి పోవద్దు.

ఉన్న ఇంజిన్ సంగతి చూద్దాం. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. అది పిస్టన్ రింగులా, వాల్వ్ సీల్సా తేలాలి. కంప్రెషన్ టెస్ట్ చేయించు. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. నంబర్లు రాసుకో. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడు. నంబరు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. 85 గుర్రాల్లో ఇప్పుడు నీకు ఎన్ని మిగిలాయో ముందు తెలియాలి. ఈ బండి కొత్తలో ఎంత చలాకీగా ఉండేదో మీ నాన్నగారిని అడుగు. అంత తేలిక బండికి 85 తక్కువేం కాదు.

#19 | విశాఖ వి6

ఏసీ కంప్రెసర్ కూడా చూపించు తమ్ముడూ. పాత కంప్రెసర్ బేరింగ్ బిగుసుకుంటే చిన్న ఇంజిన్‌కి అదే పెద్ద బరువు. క్లచ్ ప్లేట్ జారుతోందేమో కూడా చూడాలి. నాలుగో గేరులో గట్టిగా నొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్.

#20 | ఖమ్మం ఎస్టీమ్

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. టెస్ట్ చేయించాను. ఒకటి, మూడు, నాలుగు సిలిండర్లు 165 నుంచి 170 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. రెండోది 110. ఆయిల్ పోస్తే రెండోది 150కి వచ్చింది. క్లచ్ ప్లేట్ కూడా జారుతోంది, విశాఖ అన్న చెప్పినట్టే నాలుగో గేరులో తెలిసింది.

#21 | ఆటోనగర్ లేత్ (విజయవాడ)

అయితే రెండో సిలిండర్ రింగులు. ఒక్కదానికే వేయకు, దింపాక నాలుగూ చూడాలి. బోర్ గేజ్ పెట్టి అరుగుదల, గుండ్రం తేడా కొలిస్తే హోనింగ్ చాలా, బోర్ కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలా అన్నది తేలుతుంది. హెడ్ సర్ఫేస్ చూపించు, వాల్వ్ సీల్స్ మార్పించు. క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్ ఇప్పుడే వేసేయి. గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది కదా, రెండోసారి లేబర్ మిగులుతుంది. ఇంజిన్ మౌంటింగులు కూడా. రబ్బరు ఎండిపోతే గట్టిగా నొక్కినప్పుడల్లా ఇంజిన్ ఊగి షాఫ్టుల మీద పడుతుంది. బ్లాకు మీది ఇంజిన్ నంబరు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకు.

ఖమ్మం నుంచి ఇక్కడికి మూడు గంటలు. దింపిన బ్లాకు, హెడ్ వ్యాన్‌లో పంపించు, బోర్ నేనే దగ్గరుండి కొలుస్తాను.

#22 | ఖమ్మం ఎస్టీమ్

శనివారం నేనే తెస్తాను అన్నా. నాన్న కూడా వస్తానంటున్నారు.